బయలుదేరని కారు

ఉయ్యూరు,
విభూతి బుధవారం వెళ్ళిన శనివారం

శౌరక్కకు,

స్తోత్రం. మఠంలో నీకు వేరే పేరున్నా ఆ పేరుతో రాయడం నాకు ఇంతవరకు అలవాటు కాలేదు. కవరు మీద మాత్రం అదే రాస్తాను. తపస్సు కాలంలో వచ్చిన ఉత్తరాలు మదర్ గారి దగ్గరే ఉండి ఈస్టర్ పండుగకు మీ చేతికి వస్తాయని నాకు తెలుసు. పోయిన ఏడు ఆ సంగతి మరిచిపోయి జవాబు కోసం చూశాను. ఈసారి తెలిసే రాస్తున్నాను. జవాబు రాదని ముందే తెలిస్తే రాయడం కొంచెం తేలిక.

నేను బాగానే ఉన్నాను. ఫ్యాక్టరీకి చెరకు ట్రాక్టర్లు ఇంకా తిరుగుతున్నాయి. ఎంత ఊడ్చినా వాకిట్లో దుమ్మే. నీ మరిది సొలొమోను పోయాక తెల్ల కారు నేనే నడుపుతున్నానని నీకు రాశాను కదా. ఆయన తిప్పిన టీచర్లనే పొద్దున కరకట్ట మీదుగా స్కూలుకు తీసుకెళ్ళి, సాయంత్రం మళ్ళీ తెస్తున్నాను. మొదట్లో రాజేశ్వరి టీచర్, ఆడదాని చేతిలో ప్రాణాలు పెట్టి ఎలా కూర్చోవడమని అన్నారు. ఆవిడా ఆడమనిషేనని వినీల టీచర్ గుర్తు చేస్తే, అందుకేనమ్మా భయం అన్నారు. ఇప్పుడు ముందు సీట్లో ఆవిడే కూర్చుని స్కూలు దాకా నిద్రపోతారు.

ఈమధ్య పొద్దున పూట కారు సెల్ఫ్ తీసుకోవడం మానేసింది. బ్యాటరీ పాతబడిందని కొత్తది వేయించాను. నాలుగు రోజులు బాగుండి అదీ డౌన్ అయింది. టీచర్లు కొంగులు బిగించి కారు తోశారు. బస్టాండు దగ్గర పిల్లలు చూసి చప్పట్లు కొట్టారు. వాళ్ళలో మా స్కూలు వాళ్ళు లేకపోవడం మేలైంది. ఆ తర్వాత డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలగడం మొదలైంది. కంకిపాడులో ఎలీషా అని కార్ల కరెంటు పని చేసే అతని దగ్గరికి తీసుకెళ్ళాను. సొలొమోను ఎప్పుడూ అతని దగ్గరికే వెళ్ళేవాడు. ఎలీషా ఇంజను పక్కనున్న ఒక భాగం విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. నాకూ చూపించాడు. మాడిన ఉల్లిపాయ వాసన.

ఆల్టర్నేటర్ పోయిందన్నాడు. నాన్న ట్రాక్టరుకు ఉండే డైనమో లాంటిదే అక్కా. ఇంజను తిరిగినంతసేపు కరెంటు పుట్టించి బ్యాటరీకి ఎక్కించేది. అది పోతే బ్యాటరీ ఎంత కొత్తదైనా తిన్న అన్నం అరిగినంతసేపే.

ఇక దాని బదులు ఏది వేయించాలన్నదానికి అందరూ సలహాదారులే. కొత్త కంపెనీది వేయించమని రాజేశ్వరి టీచర్. తుక్కుకు అమ్మిన కార్లలోంచి తీసిన అసలుది ఆటోనగర్లో దొరుకుతుంది, కొత్తదాని కంటే అదే గట్టిదని గుడి ఉపదేశి గారు. బజార్లో మెరిసే రంగు వేసి అచ్చం అలాగే ఉండే నకిలీవి వస్తున్నాయి, వాటి జోలికి పోవద్దని అందరూ. ఎలీషా మాత్రం, "దీని ఒళ్ళు గట్టిదమ్మా. లోపల రాగితీగ కొత్తగా చుట్టి, బ్రష్‌లూ బేరింగులూ మారిస్తే మళ్ళీ పనిచేస్తది. నా చేతిది కాలితే నేనే ఊరికే కడతా" అన్నాడు. అదే చేయమన్నాను. అది సొలొమోను వేయించిన వస్తువని కాదు. ఒళ్ళు గట్టిదని అతను అన్నాడు కనక.

వచ్చేటప్పుడు ఎలీషా ఒక మాట అడిగాడు. ఇంజను ఆపాక లైట్లు గానీ లోపలి ఫ్యాను గానీ వాడతారా అని. లేదన్నాను.

ఇంటి దగ్గర అంతా మామూలే. ఎదురింటి వెంకటరావమ్మ పిన్నిగారు నీకు గుర్తుండే ఉంటుంది. ఇంట్లోనే నేత చీరలు అమ్ముతుంది, నువ్వు మఠంలో మాటుబట్ట వేసుకున్న పండుగకు అమ్మ చీర కొన్నది ఆవిడ దగ్గరే. ముందంతా సాయంత్రం పూట మా ఇంటికి వచ్చి కూర్చునేది. ఈమధ్య రావడం మానేసింది. గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగిపోవడం రెండుమూడుసార్లు చూశాను. నావల్ల ఏం తప్పు జరిగిందో తెలియదు. అడగలేదు.

నీ చెల్లెలు,
హెలెన్


ఉయ్యూరు,
మూడో శుక్రవారం గుడిలో సిలువ మార్గం ప్రార్థన అయిన మర్నాడు

అక్కా,

స్తోత్రం. మొదటి ఉత్తరం మదర్ గారి బల్ల మీద ఉండి ఉంటుంది. దీన్ని దాని పక్కన పెడతారు.

ఎలీషా కట్టిన ఆల్టర్నేటర్ కాలిపోయింది.

అది నిన్న కాదు, మొన్న స్కూల్లో తల్లిదండ్రుల మీటింగు రోజు జరిగింది. మీటింగు ఆలస్యమై కరకట్ట ఎక్కేసరికి పొద్దు గూకింది. కొంత దూరం రాగానే ఎర్ర లైటు వచ్చింది. తర్వాత హెడ్‌లైట్లు ఎర్రబడి, బుడ్డిదీపాల్లాగా అయ్యాయి. డీజిల్ బండి కనక ఇంజను ఆగదు. కానీ నేను ఆపితే మళ్ళీ స్టార్ట్ కాదు. ఒక పక్క ఏరు, ఒక పక్క అరటితోటల పల్లం. వినీల టీచర్ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఫోను టార్చి వేసింది. రెండో పక్క రాజేశ్వరి టీచర్ వేశారు. కాసేపటికి ఆవిడ, "ఏమ్మా హెలెనూ, పిల్లలకి పాఠాలు చెప్పమని గవర్నమెంటు నాకు ఉద్యోగమిస్తే, నువ్వు టార్చి పట్టించే ఉద్యోగమిచ్చావేంటి?" అన్నారు. అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను.

ఒక్కొక్కరినే ఇళ్ళ దగ్గర దింపాను. ఆఖరున దిగిన వినీల టీచర్, రేపటికి వేరే ఆటో మాట్లాడుకుంటామని, బాగయ్యాక చెప్పమని అంది. కోపంగా అనలేదు. ఇంటికొచ్చి ఇంజను ఆపడానికి చాలాసేపు మనసొప్పలేదు.

ఇప్పుడు నీకు రాయాల్సింది ఇదీ. ఎలీషా అడిగినప్పుడు లేదన్నాను కదా. వాడతాను.

సాయంత్రం వంట అయ్యాక నేను వెళ్ళి కారులో కూర్చుంటాను. డ్రైవరు సీట్లో కాదు, ఎడమ పక్క నా సీట్లో. ఫ్యాను వేసుకుంటాను, లోపలి లైటు వేసుకుంటాను. పాటలేమీ పెట్టను. ఇంట్లో లైటు వేసుకుని కూర్చుంటే ఒక మనిషి ఒక్కతే ఉన్నట్టు ఉంటుంది. కారులో లైటు వేసుకుని కూర్చుంటే ఎవరో బయలుదేరబోతున్నట్టు ఉంటుంది. డ్రైవరు తాళాలు మరిచిపోయి లోపలికి వెళ్ళాడు, వచ్చేస్తాడు అన్నట్టు ఉంటుంది. సొలొమోను ఎప్పుడూ అంతే కదా, నన్ను కారెక్కించి తను ఏదో మరిచిపోయి మళ్ళీ ఇంట్లోకి పోయేవాడు. అప్పుడు నాకు విసుగు. కారులో కూర్చుంటే వీధిలో పోయేవాళ్ళకు కూడా ఏమీ చెప్పాల్సిన అవసరం ఉండదు. ఎవరూ ఆగి, ఒక్కదానివే ఎలా ఉన్నావమ్మా అని అడగరు.

నిద్ర వచ్చేదాకా అలా కూర్చుంటాను. పొద్దునకు బ్యాటరీ చచ్చి ఉంటుంది. పక్క షాపు వాళ్ళతో తోయించి బయలుదేరితే స్కూలు చేరేలోపు ఆల్టర్నేటర్ దాన్ని మళ్ళీ లేపుతుంది. రోజూ ఇదే. నా చదువు కొంచెమే అయినా, ఏది దేన్ని కాల్చిందో నాకు తెలుస్తూనే ఉంది.

నిన్న ఎలీషా దగ్గరికి వెళ్ళాను. అతను కాలినదాన్ని చేతిలో తిప్పి చూసి, తన పని మీద తనకే అనుమానం వచ్చినట్టు మొహం పెట్టాడు. పక్క కొట్టు మేస్త్రి, "ఏరా, వంట వాసనొస్తంది, అల్లం రాసి చుట్టావా తీగ?" అని ఎగతాళి చేస్తే తల వంచుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. అప్పుడైనా చెప్పాల్సింది. ఏమని చెప్పాలి? మగవాళ్ళు నలుగురు పానాలు పట్టుకుని నిలబడిన చోట, సాయంత్రం కారులో కూర్చుంటాను, ఎక్కడికీ పోను అని చెప్పడమా?

అందుకని ఒకటి అనుకున్నాను. మీ మఠం గేటు పక్కన వచ్చినవాళ్ళు దిగే గదులున్నాయి కదా. వాటిలో ఒకటి నాకు ఇస్తారేమో మదర్ గారిని అడుగు. వంటపని, తోటపని, బట్టలు, ఏదైనా చేస్తాను. కారులో మిమ్మల్ని ఆసుపత్రికి తీసుకెళ్తాను అనేదాన్ని, కానీ కారు ఉండదు. అమ్మేస్తాను. ఇల్లు అద్దెకిస్తాను. మీ గంట వినపడే చోట ఉంటే చాలు. నిన్ను కటకటాల వెనక నుంచి ఏడాదికోసారి చూసినా ఫర్వాలేదు, నువ్వు గోడ అవతల ఉన్నావని తెలుస్తుంది.

అమ్మేముందు మాత్రం మంచి ఆల్టర్నేటర్ వేయిస్తాను. నా చేతిలోంచి పోయిన కారు ఇంకొకరిని చీకట్లో కరకట్ట మీద నిలబెట్టకూడదు.

ఇది ఈస్టర్‌కి నీ చేతికి వస్తుంది. అప్పటికి సామాను సర్ది ఉంచుతాను.

నీ చెల్లెలు,
హెలెన్


ఉయ్యూరు,
మ్రానికొమ్మల ఆదివారం

అక్కా,

స్తోత్రం. ఈ ఉత్తరం ముందుదానికి అడ్డం వస్తుంది. అన్నీ ఒకేసారి నీ చేతికి వస్తాయి కనక వరుస తప్పకుండా చదువు.

మొన్న బస్సెక్కి ఆటోనగర్ వెళ్ళాను. కాలిన ఆల్టర్నేటర్‌ను వెంకటరావమ్మ పిన్నిగారి చీరల సంచిలో వేసుకుని వెళ్ళాను, నమూనాకు. కొట్టతను సంచి చూసి చీరలు మార్చుకోవడానికి వచ్చాననుకున్నాడేమో, కొట్టు ఇది కాదమ్మా అన్నాడు. సరుకు బయటికి తీశాక, మీ డ్రైవరును పంపండి అన్నాడు. నేనే డ్రైవరునన్నాను. అప్పుడు కుర్చీ వేశాడు.

బల్ల మీద మూడు పెట్టాడు. ఒకటి రంగు మెరుస్తోంది, ఎత్తితే బరువు లేదు. రాగి తక్కువ వేస్తే బరువుండదట. రెండోది తుక్కు కారులోంచి తీసింది. బరువు బాగుంది, తిప్పితే లోపల ఎక్కడో గరగర. అది ఏ కారులో ఎన్నేళ్ళు తిరిగిందో, ఆ కారు ఎందుకు తుక్కయిందో అతనికీ తెలియదు. మూడోది కంపెనీది. చేత్తో తిప్పితే చప్పుడు లేకుండా తిరిగి నెమ్మదిగా ఆగింది. బిల్లు రాసి, పెట్టె మీది నంబరూ దాని ఒంటి మీది నంబరూ ఒకటేనని చూపించాడు. ఇది నమ్మకమేనా అని అడిగాను. అతను, "వస్తువు నమ్మకమేనమ్మా. దాని నెత్తిన మీరేం పెడతారో నాకేం తెలుసు?" అన్నాడు. తిరుగు బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నంతసేపూ ఆ మాటే.

ఎలీషా దాన్ని వెంటనే బిగించలేదు. మా ఇంటికే వచ్చి చూస్తానన్నాడు. ఎక్కడో కరెంటు కారిపోతోంది, అది పట్టుకోకుండా బిగిస్తే ఇదీ కాలుతుంది అన్నాడు. ఈరోజు పూజ అయ్యాక వచ్చాడు. గుడిలో ఆశీర్వదించి ఇచ్చిన మట్ట ఇంకా నా చేతిలోనే ఉంది. బానెట్టు తీసి మీటరు పెట్టి ఒక్కొక్క వైరే చూశాడు. ఎక్కడా కారడం లేదు. అతని మొహంలో దిగులు చూస్తే నాకు అన్నం సయించదనిపించింది. మళ్ళీ అడిగాడు. "అమ్మా, ఒకసారి గుర్తు చేసుకోండి. బండి ఆపాక లైటుగానీ ఏదన్నా వాడతన్నారా?"

నేను నోరు తెరిచేలోపు గేటు అవతల నుంచి జవాబు వచ్చింది. వెంకటరావమ్మ పిన్నిగారు వీధిలో నిలబడి చూస్తోంది.

"వాడకపోడమేంటి నాయనా? రోజూ సాయంత్రం ఎక్కడికో బయలుదేరుద్దిగా. లైటేసుకుని కూర్చునుంటది."

ఎలీషా నా వైపు చూశాడు. "బయలుదేరి ఎక్కడికెళ్తారమ్మా?"

చేతిలో మట్ట ఉంది. అబద్ధం రాలేదు. "ఎక్కడికీ వెళ్ళను" అన్నాను. "ఊరికే కూర్చుంటాను."

తన తీగ చుట్టడంలో తప్పులేదని తెలిసింది కదా, ముందు అతని మొహంలో ఆ నిమ్మళం కనిపించింది. తర్వాత మొహం తిప్పుకుని బోల్టులు బిగించడం మొదలుపెట్టాడు. బిగిస్తూనే, "ఆల్టర్నేటర్ పని బ్యాటరీని నిలబెట్టటమమ్మా. చచ్చినదాన్ని రోజూ లేపమంటే అదేం చేస్తది, అదీ పోద్ది" అన్నాడు. పక్క కొట్టు మేస్త్రికి ఏం చెప్తావని అడిగితే, అల్లం తక్కువైందని చెప్తానన్నాడు.

పిన్నిగారు మాత్రం కదల్లేదు. గేటు ఊచ పట్టుకుని అలాగే నిలబడింది.

"ఎక్కడికీ వెళ్ళవా?" అంది.

లేదన్నాను.

"మరి ఇన్నాళ్ళూ నేను ఎదురు రాకూడదని ఇక్కడ్నించే వెనక్కి పోతన్నానే."

నాకు వెంటనే అర్థం కాలేదు అక్కా. ఆవిడ గొంతు తగ్గించి చెప్పింది. బొట్టు లేని మనిషి బయలుదేరేవాళ్ళకు ఎదురు రాకూడదట. ఎక్కడికి అని అడగనూ కూడదట. బాబాయిగారు పోయినప్పటి నుంచి వీధిలో ఎవరు బయలుదేరుతున్నా ఆవిడ తలుపు చాటుకు తప్పుకుంటుంది. నేను ఒక్కదాన్నే కారు నడుపుకుంటూ కరకట్ట మీద పోతున్నాను కనక, నా విషయంలో ఇంకా భయం. సాయంత్రం నాతో మాట్లాడదామని పకోడీ గిన్నె పట్టుకుని వస్తుంది. చూస్తే నేను కారులో లైటేసుకుని బయలుదేరబోతూ ఉంటాను. గిన్నె కొంగు చాటున పెట్టుకుని వెనక్కి పోతుంది. వెళ్ళొచ్చాక వద్దామని కిటికీలోంచి చూస్తుంది. కారు కదలదు. చూసిచూసి పడుకుంటుంది. నేనేమో కారు కిటికీలోంచి గేటు దాకా వచ్చి పోయే ఆవిడను చూసి, ఏం తప్పు చేశానా అనుకున్నాను.

"నేనూ బొట్టు లేనిదాన్నే కదా పిన్నిగారూ" అన్నాను.

"మీకు ముందునుంచీ లేదు కదమ్మా" అంది ఆవిడ, పెద్ద సందేహం తీర్చినట్టు.

ఎలీషా బానెట్టు కింద నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

సాయంత్రం వంటయ్యాక కాళ్ళు అలవాటు కొద్దీ కారు దగ్గరికే వెళ్ళాయి. ఎడమ పక్క కూర్చున్నాను. లైటు వేయలేదు, కొత్త ఆల్టర్నేటర్ కదా. చీకట్లో కూర్చోవడం మొదటిసారి. అంత బాగోలేదు. ఇంతలో గేటు చప్పుడైంది. పిన్నిగారు వచ్చి, చుట్టూ తిరిగి, కుడి పక్క తలుపు తీసుకుని డ్రైవరు సీట్లో కూర్చుంది. గిన్నె డాష్‌బోర్డు మీద పెట్టింది. రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, "ఎక్కడికి?" అని అడిగింది.

డ్రైవరు సీట్లోంచి ఆ మాట నన్ను ఎవరైనా అడిగి ఏడాది దాటింది.

అక్కా, గది సంగతి మదర్ గారిని అడగవద్దు. రేపు టీచర్లకు ఫోను చేస్తాను. సామాను ఇంకా సర్దలేదు.

నీ చెల్లెలు,
హెలెన్


మఠం నుంచి,
ఈస్టర్ మంగళవారం

చెల్లీ హెలెనూ,

అల్లెలూయ. నీ మూడు ఉత్తరాలూ పండుగ రోజు మధ్యాహ్నం మదర్ గారు తారీకుల వరుసలో పేర్చి ఇచ్చారు. రెండోది చదివి మూడోది తెరవలేదు. గబగబా పోయి మదర్ గారి గది తలుపు కొట్టాను. ఇక్కడ ఎవరం అలా నడవం. మా చెల్లికి గేటు పక్కన గది కావాలన్నాను. ఉత్తరాలు ముందుగా వారే చదువుతారు కనక వారికి అంతా తెలుసు. మూడోది కూడా చదివి రమ్మన్నారు. చదివి మళ్ళీ వెళ్ళాను. అప్పుడు వారు నవ్వారు, నాకు నవ్వు రాలేదు.

సొలొమోనును మట్టి చేసిన రోజు నేను రాలేదు. నియమం అని అప్పుడు రాశాను. నియమమే. అంతకంటే ఆ రోజు నీకు ఏమీ రాయలేకపోయాను. నువ్వు కారులో కూర్చోవడం గురించి నేను బుద్ధులు చెప్పను. ఇక్కడికి వచ్చిన కొత్తలో సాయంకాలం ప్రార్థన అయ్యాక నేను రోడ్డు కనిపించే కిటికీ దగ్గర నిలబడేదాన్ని. ఎన్నాళ్ళు నిలబడ్డానో రాయను. ఇది కూడా మదర్ గారు చదువుతారు.

నాన్న ట్రాక్టరు డైనమో పోయినప్పుడల్లా చెప్పే మాట నీకు గుర్తుందో లేదో. బండిని ఇంట్లో ఉంచితే పోతుంది, తిప్పితే ఉంటుంది అనేవాడు. అది ఎంతవరకు నిజమో ఎలీషా గారిని అడుగు.

అడగవద్దన్నా నేను ఒక గది అడిగి తీసుకున్నాను. ఉండిపోవడానికి కాదు, ఒక రాత్రికి. వచ్చే శనివారం. కొత్త ఆల్టర్నేటర్ ఇంత దూరం వస్తుందో రాదో చూసినట్టు ఉంటుంది. గదిలో మంచాలు రెండున్నాయి, పిన్నిగారిని కూడా తీసుకురా. ఆవిడ జంకుతుందని తెలుసు. ఆవిడకు ఈ ఒక్క సంగతి చెప్పు. మా గేటు తీసే సిస్టర్ గారు భర్త పోయాక మఠంలో చేరినావిడ. ఇక్కడికి వచ్చేవాళ్ళకైనా, ఇక్కడి నుంచి బయలుదేరేవాళ్ళకైనా మొదట ఎదురు వచ్చేది ఆవిడే.

కారు చింతచెట్టు కింద ఆపి, లైట్లు ఆర్పి, లోపలికి రండి.

నీ అక్క,
శౌరమ్మ